పొట్టేలు మెచ్చిన లారీ

నా బాడిశ మీద ఒట్టు, నా ఉలి మీద ఒట్టు, ఆ రెండూ నా చేతిలో పెట్టిన మా నాయిన మీద ఒట్టు. కింద రాసిన ప్రతి మాటా నిజం. నార్కట్‌పల్లిలో నన్ను ఎరిగినవాళ్లు ఈ వాక్యం దగ్గరే నవ్వుతారని తెలుసు. నేను చేసిన నాగలి మేడికి ఒక వానాకాలం చిగుళ్లు వచ్చాయని చెప్పినప్పుడూ ఇట్లాగే నవ్వారు. చిగుళ్ల సంగతి వేరు. అప్పుడు నేను ఒట్టు పెట్టలేదు.

ఇది ఒక లారీ డ్రైవరు సంగతి. పేరు రాయను. నేను ఆయనను మామా అనేవాణ్ని, ఆయన నన్ను అల్లుడా అనేవాడు. చుట్టరికం ఏమీ లేదు. ఆయనది మర్రిగూడ దిక్కు గొర్రెలు కాసుకునే ఇల్లు, మాది చెక్క చెక్కుకునే ఇల్లు. ఆయన పోయి ఇరవై ఏళ్లు దాటింది. ఇన్నాళ్లకు ఇది రాయడానికి కారణం ఒక పూల పరదా.

మొన్న చౌరస్తా హోటల్లో చాయ తాగుతున్నాను. కొత్త లారీ ఒకటి వచ్చి ఆగింది. రంగు ఇంకా ఆరలేదేమో అన్నట్టుంది. దాన్ని నడిపే పిల్లగాడు దిగి నేరుగా నా దగ్గరికే వచ్చాడు.

"కాకా, లారీలకు బాడీలు కట్టేది నువ్వే అంట గద. జర ఎక్కి చూడు నా బండిని."

ఎక్కాను. సీటు వెనక మనిషి పొడుగున పడక. మెత్తటి పరుపు, దానికి పూల పరదా, తల వైపు చిన్న అద్దం, పక్కన దేవుడి పటం. ఆ పిల్లగాడు పండుకొని మరీ చూపించాడు. తలుపు అద్దం పైకెత్తి, పరదా లాగి, లోపలినుంచి గొంతు పెంచి చెప్పాడు:

"గిట్ల మూసుకున్నమనుకో కాకా, బయట దునియా మొత్తం కొట్టుకొని చచ్చినా మనకు ఇనబడది!"

నేను దిగిన తొందరకు చేతిలోని చాయ నా అంగీ మీద ఒలికింది.

"అద్దం దించు" అన్నాను. "ముందు అద్దం దించు బిడ్డా, తర్వాత మాట్లాడుదాం."

*

మామకు ఒక అలవాటు ఉండేది. ఎక్కడ కూర్చోవాలన్నా ముందు వంగి ఆ చోట అరచెయ్యి ఆనించేవాడు. ఒక ఊపిరి పట్టేంత సేపు అట్లాగే ఉంచి, చెయ్యి తీసి వాసన చూసేవాడు. ఒక్కోసారి నాలుక కొసతో తాకేవాడు. ఆ తర్వాతే కూర్చునేవాడు. మా కొట్టంలోని పీట మీదా అంతే, లారీ యజమాని సేటు ఇంట్లో పరుపు మీదా అంతే. సేటు భార్య అది చూసి రెండు రోజులు ఆ పరుపు ఎండలో వేయించింది.

"ఏం చూస్తవ్ మామా?" అని అడిగాను ఒకసారి.

"జాగ మాట్లాడ్తది అల్లుడా. మనమే ఇనం."

చలికాలం పొద్దున తన గొంగడి తీసి లారీ ముక్కు మీద కప్పి, తాను వణుకుతూ బీడీ తాగేవాడు. "దానికి దగ్గొస్తే నన్నెవడు మోస్తడు?" అనేవాడు. లారీ హారన్ రెండు పొట్టివి, ఒక పొడుగుది కొడితే మూడు ఊళ్ల గొర్రెలు గుట్ట దిగి రోడ్డు మీదికి వచ్చేవి. కాపరులు తిట్టుకుంటూ వెనక వచ్చేవాళ్లు. ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి గొర్రెలను ఒక్కొక్కదాన్ని చూసి, "గా నల్లదానికి గిట్ట చూడుండ్రి, కుంటుతాంది" అని చెప్పి పోయేవాడు. నవ్వేవాళ్లు నవ్వండి.

ఆయనకూ ఒకప్పుడు మంద ఉండేది. ఒక ఏడు రోగం తగిలి నెల తిరగకముందే అంతా ఊడ్చుకుపోయింది. మిగిలింది ఒక్క పొట్టేలు. దాన్ని వెంటబెట్టుకొనే వచ్చి రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సేటు దగ్గర లారీ పని నేర్చుకున్నాడు. పెట్రోలు దొరకని కాలమది. లారీ వెనక పీపాలో బొగ్గులు మండించి ఆ పొగతో నడిపేవాళ్లు. పిల్లగొర్రెకు పాలు తాగించినట్టు ఆ పీపాకు బొగ్గులు తినిపించేవాడు. పొట్టేలు పక్క సీటులో కూర్చొని దారి చూసేది. ఎదురొచ్చినవాళ్లకు డ్రైవరు ఎవరో ఒక్క క్షణం తెలిసేది కాదు.

ఇంక ఆయన నిద్ర. లారీ ఆపితే చక్రం పక్కన నేల మీద గొంగడి పరిచి, ఒక చెవి నేలకు ఆనించి, ఒక చెవి ఆకాశానికి వదిలి పడుకునేవాడు. "మందకాడ పండేటోనికి కండ్లే మూసుకుంటయి. పండేటోడు చెవి బయట పెట్టి పండాలె" అనేవాడు.

నిజమో కాదో చూద్దామని ఒక మధ్యాహ్నం ఆయన గురక పెడుతుండగా చెప్పులు దొంగిలించబోయాను. ఇంకా పది అడుగుల దూరంలో ఉన్నాను. గురక ఆగలేదు, కళ్లు తెరవలేదు. గురకల మధ్యలోంచే మాట వచ్చింది:

"ఎడమ చెప్పు తెగింది అల్లుడా. కుడిది తీస్కపో."

*

యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్లు వదిలేసిన లారీలు సికింద్రాబాదు పక్కన ఒక మైదానంలో అమ్ముతున్నారని తెలిసింది. సేటు ఆముదాల వ్యాపారి. కొల్లాపూర్ దిక్కునుంచి ఆముదాలు ఎత్తుకొని హైదరాబాదుకూ, అక్కడినుంచి ఇంకా దూరానికీ తోలేవాడు. పాత లారీ దగ్గి దగ్గి చావడానికి సిద్ధంగా ఉంది. ముందుగా నన్ను తీసుకొని పోయి రెండు లారీలు చూసి పెట్టుకున్నాడు.

ఒకటి పెద్దది, అమెరికా బండి. ముందు గది మొత్తం ఇనుము, తలుపు వేస్తే పెట్టెలాగా మూసుకుంటుంది. సీటు వెనక మనిషి పండేంత జాగా ఉంది. రెండోది చిన్నది, ఇంగ్లండు బండి. నెత్తిన గుడ్డ కప్పు, పక్కన సగం తలుపులు, సీటు వెనక చెయ్యి కూడా పట్టదు.

"పెద్దదాంట్ల పండే పలక పెడితే ఎట్లుంటదిరా?" అన్నాడు సేటు. "మనిషి లోపలనే పంటడు, లోపలనే లేస్తడు. సత్రాలెందుకు?"

అంతే, నా తలకెక్కింది. లారీలో ఇల్లు కట్టిన మొదటి వడ్రంగి అని చెప్పుకోవచ్చు. కొలతలు తీసుకొని వచ్చి, మా నాయిన నా ఇంటి తలుపు కోసమని దాచిన టేకు మొద్దు కోయించాను. నాలుగు మూరల పలక. అంచుల వెంట లతలు చెక్కాను, తల వైపు రెండు చిలకలు. వారం రోజులు నిద్రపోలేదు. సేటు చూసి మురిసిపోయాడు గాని ఒక మాట అన్నాడు:

"నడిపేది వాడు, పండేది వాడు. వానికి నచ్చిందే కొంట."

మామకు నచ్చడమంటే పొట్టేలుకు నచ్చడం. ఆయన ఇంట్లో తాతల నాటి మాట ఒకటుంది: మంద పండని జాగల మనిషి పండొద్దు. చేలల్లో మంద ఆపినప్పుడు గొర్రెలు ఎక్కడ పడుకోకుండా తప్పుకుంటాయో అక్కడ పాము పుట్టయినా ఉంటుంది, చెడ్డ గాలయినా ఉంటుంది. కాపరి అక్కడ గొంగడి పరవడు. భూమికి పెట్టే ఆ పరీక్షను లారీకి పెట్టిన మనిషి మాత్రం ఆయనొక్కడే.

అట్లా సేటు, మామ, నేను, పొట్టేలు మైదానానికి పోయాం. అమ్మే ముంషీ ముసలివాడు, నోటినిండా పాన్.

"మా దగ్గరికొచ్చేటోళ్లకు కొమ్ములుంటయని తెలుసు గని," అన్నాడు పొట్టేలును చూసి, "నిజంగ కొమ్ములున్నోడు రావుడు ఇయ్యాల్నే చూసిన. ఏం మియా, ఇది లారీ నడుపుతదా?"

"నడపది సాబ్" అన్నాడు మామ. "నడిపేటోడు ఎక్కడ పండాల్నో చెప్తది."

మొదట పెద్ద లారీ. పొట్టేలు మెట్టు దగ్గర ముందరి కాళ్లు రెండూ బిగబట్టి నిలబడింది. మామ నోటితో పిలిచాడు, వీపు నిమిరాడు. కదల్లేదు. చెవులు వెనక్కి పడ్డాయి. సేటు వెనకనుంచి తోశాడు, అది సేటును తోసింది. తర్వాత చిన్న లారీ. మెట్టు ఎక్కి, సీటు ఎక్కి, సగం తలుపు మీదుగా తల బయటపెట్టి, కాసేపు గాలి చూసి, కాళ్లు మడుచుకొని కూర్చుంది.

"గిదే" అన్నాడు మామ.

నా కడుపులో చిలకలు రెండూ చచ్చిపోయాయి.

"ఎండరా" అన్నాడు సేటు నా మొహం చూసి. "ఇనుము కాలుతాంది, దాని కాళ్లు సుర్రుమన్నట్టున్నయ్. తిని మళ్ల చూద్దాం తియ్."

చింతచెట్టు కింద కూర్చున్నాం. జొన్నరొట్టెల మూట నా దగ్గరే ఉంది. రొట్టెలు, ఉల్లిగడ్డలు తీసి పెట్టాను.

"ఉప్పేదిరా?" అన్నాడు సేటు.

"మర్చిపోయిన సేటు."

"పెండ్లికి పోయి పుస్తె మర్చిపోయేటట్టున్నవ్" అని చప్పిడి రొట్టె నమిలాడు. మామ తన రొట్టె సగం తుంచి పొట్టేలుకు పెట్టాడు. నేను నీళ్లు తాగొస్తానని లేచిపోయి, కాసేపటికి వచ్చాను.

పొద్దు వాలాక మళ్లీ పెద్ద లారీ దగ్గరికి పోయాం. అప్పటికి నీడ వచ్చింది. పొట్టేలు మెట్టు దగ్గర ఆగింది, ముక్కు ముందుకు చాచింది, ఎక్కింది. సీటు దాటి వెనక జాగాలోకి పోయి అక్కడి ఇనుమును నాకింది, చాలాసేపు నాకింది. తర్వాత కాళ్లు మడిచి పడుకొని నెమరు మొదలుపెట్టింది.

మామ ఎక్కి ఆ చోట అరచెయ్యి ఆనించాడు. తీసి వాసన చూశాడు. నాలుకతో తాకాడు.

"ఉప్పు" అన్నాడు.

"యుద్ధంల ఇది ఉప్పు బస్తాలు మోసిందట మామా" అన్నాను. "ముంషీ చెప్పిండు నాకు."

ఆయన నావైపు చూశాడు. తర్వాత పొట్టేలువైపు చూశాడు. కళ్లు సగం మూసుకొని హాయిగా నములుతోంది.

"ఉప్పు కోసం ఎక్కుతది" అన్నాడు తనలో తాను చెప్పుకుంటున్నట్టు. "ఉప్పు కోసం పండది. పండింది కాబట్టి జాగ మంచిదే."

*

పలక నేనే బిగించాను. ఆయన దాని మీద పండి చూసి, చిలకలను తడిమి, "మస్తు చేసినవ్ అల్లుడా, దొరల మంచమే" అన్నాడు. తర్వాత తల వైపు వేలు పెట్టి, "గీడ చెవికి ఒక బొక్క పెట్టు" అన్నాడు. బర్మాతో టేకులో బొటనవేలు పట్టేంత రంధ్రం పెట్టాను. దాని వెనక ఇనుము ఉంది, రంధ్రం అక్కడే ఆగింది. ఇనుము నా పని కాదు.

నైజాం రాజ్యం చివరి రోజులవి. రోడ్లకు అడ్డంగా రాత్రికి రాత్రి కందకాలు పుట్టేవి. ఊళ్ల మొగదల గుతుప కర్రలు పట్టుకొని మనుషులు కాపలా ఉండేవాళ్లు. ఇంకో ఊరికి పోతే అక్కడ కాపలాకు కూడా మనుషులు మిగిలేవాళ్లు కాదు, తలుపులు తెరిచి ఉండేవి, పొయ్యి మీద కుండ ఉండేది. మామ వచ్చినప్పుడల్లా ఒక ఊరి పేరు చెప్పి, "గాడ కుక్కలు మొరుగుతలెవ్వు" అనేవాడు. అంతకంటే చెప్పేవాడు కాదు. పొద్దున పూట నడిపి, మందను నీడకు తోలినట్టు మధ్యాహ్నం లారీ ఆపి పడుకునేవాడు. రాత్రిళ్లు రోడ్డు మీద ఉండేవాడు కాదు.

ఆయన హారన్ కొట్టడం మానేశాడు. గొర్రెలు వస్తే వాటి వెనక ఎవరొస్తారో తెలియదన్నాడు.

తర్వాత పోలీసు యాక్షన్ అయింది. నైజాం దిగాడు, జనం రోడ్ల మీద పూలు చల్లారు. పూలు వాడకముందే రోడ్ల మీద కొత్త తుపాకులు కనబడ్డాయి. అడవిలో ఉన్న కమ్యూనిస్టుల కోసం మిలిటరీ వాళ్లు ఊళ్లన్నీ వెతుకుతున్నారు. చెట్టు కదిలినా అడుగుతున్నారు, కదలకపోయినా అడుగుతున్నారు.

అట్లాంటి ఒక పొద్దున మామ మా కొట్టం ముందు లారీ ఆపాడు. దిగి, పీట మీద చెయ్యి ఆనించకుండానే కూర్చున్నాడు.

"పలక తీసెయ్యి అల్లుడా."

"ఏమైంది మామా? కుచ్చుకుంటాందా?"

"కుచ్చుకుంటే బాగుండు. నిద్ర మస్తు పడుతాంది. గదే భయమైతాంది." బీడీ వెలిగించబోయి మానేశాడు. "పుట్టినకాడికెల్లి గిసొంటి నిద్ర ఎరగ. తలుపేస్తే సచ్చినోని లెక్క పంటున్న. మొన్న కొల్లాపూర్ తొవ్వల ఎవడో వచ్చి డబ్బాల నీళ్లన్ని ఎత్తుకపోయిండు. నాకు తెల్వలే. నాకు!"

"అయితే కింద పండు."

"నేల మీద నిద్ర వస్తలేదు. మెత్తగైన. గది ఉంటే నేను పంట, లేకపోతే పండ. తియ్యిరా."

ఆయన నన్ను రా అన్నది అదొక్కసారే. నేను పలకవైపు చూశాను. నాలుగు మూరల టేకు. ఆయన చెమటకు నునుపు తేలి, చిలకలు నిజంగా బతికినట్టున్నాయి. తీయాలంటే దాన్ని బిగించిన కుసులు విరగ్గొట్టాలి.

"ఇయ్యాల పని మీదున్న మామా" అన్నాను. "వచ్చే సుక్కురారం రా. తీస్త."

"సుక్కురారమా?"

"సుక్కురారం."

"సరె తియ్" అన్నాడు. లారీ దగ్గరికి పోయాడు. పొట్టేలు మెట్టు దగ్గర కాళ్లు బిగబట్టి నిలబడింది. ఆయన దాన్ని రెండు చేతులా ఎత్తి లోపల పెట్టాడు.

*

శుక్రవారం రాలేదు. శనివారం కబురు వచ్చింది. సేటూ నేనూ పోయేసరికి లారీ కొల్లాపూర్ రోడ్డులో ఒక ఎక్కుడు దగ్గర నిలబడి ఉంది. ఆయనను అప్పటికే అక్కడినుంచి తీసుకుపోయారు. మేకలు కాసే ముసలామె ఒకామె చూసింది. మేము అడగకముందే చెప్పడం మొదలుపెట్టింది. ఎవరికో ఒకరికి చెప్పాలని కూర్చున్నట్టుంది.

"పట్టపగలు బిడ్డా. మిట్ట మధ్యాహ్నం. లారీ ఆపి, గొర్రెను నీడకు కట్టేసి, లోపలికి పోయి తలుపేసుకుండు. జరసేపటికి తుపాకులోళ్లు వచ్చిన్రు. నడుసుకుంటనే వచ్చిన్రు. లోపలెవరో బయటికి రా అని మూడుసార్లు ఒర్రిన్రు."

"మూడుసార్లా?" అన్నాడు సేటు.

"మూడుసార్లు. మొదటిసారే నాకు గా గుట్ట మీద ఇనబడ్డది. గాయినకు ఇనబడలే." ఆమె గుట్టవైపు చెయ్యి చూపింది. అక్కడ మేకలు చీమల్లాగా కనబడుతున్నాయి. "నేను కూడ ఒర్రిన. పండిండు, గొర్లాయనే, పండిండు అని. గాలి ఎదురున్నది. నా మాట గాళ్లకు చేరలే. లోపలెవరో దాగిన్రనుకున్నరేమో, గోడ మీదికెల్లే కాల్చిన్రు."

"గొర్రె?" అన్నాను.

"తాడు నేనే కోసిన. పొమ్మంటే పోలే. మెట్టుకాడ కాళ్లు బిగబట్టి నిలబడ్డది. లోపలికి పోదు, ఎటూ పోదు. పొద్దు గూకేదాక గట్లనే ఉన్నది."

లారీని మా కొట్టానికే తెచ్చారు. పలక తీశాను. కుసులు విరగలేదు. బాడిశ వెనకవైపుతో రెండు దెబ్బలు వేస్తే వచ్చేసింది. బర్మాతో నేను పెట్టిన రంధ్రం పక్కన నేను పెట్టనివి నాలుగు ఉన్నాయి.

*

ఇదంతా చౌరస్తాలో ఆ పిల్లగాడికి చెప్పాను. తన చాయ చల్లారబెట్టుకొని విన్నాడు. చివరికి హోటలాయన వైపు తిరిగి నవ్వాడు.

"గొర్రె లారీని పసంద్ చేసిందట! మస్తు కోస్తడు గద కాక?"

"నాగలికి చిగుళ్లొచ్చిన కథ ఇన్నవా?" అన్నాడు హోటలాయన.

అయినా ఆ పిల్లగాడు లారీ ఎక్కాక రెండువైపులా అద్దాలు దించాడు. పూల పరదా గాలికి బయటికి ఎగురుతుండగా సూర్యాపేట దిక్కు పోయాడు. కనబడేదాకా చూశాను.

మొదట ఒట్టు పెట్టాను గనుక, ఇందులో కల్పన ఎక్కడుందో చెప్పి తీరాలి. హారన్‌కు మూడు ఊళ్ల గొర్రెలు వచ్చాయన్నాను. ఒక్క ఊరివే వచ్చేవి. ముంషీ కొమ్ముల మాట అన్నాడో, నేనే తర్వాత అతని నోట్లో పెట్టానో ఇప్పుడు గుర్తు లేదు. ఇవి లెక్కలోకి రావు.

లెక్కలోకి వచ్చేది ఒక్కటే. ముంషీ నాతో ఏ ఉప్పు సంగతీ చెప్పలేదు. ఆ లారీ యుద్ధంలో ఏం మోసిందో నాకు తెలియదు, ఉప్పు మాత్రం మోయలేదు. ఆ రోజు మామతో ఆడిన అబద్ధాన్నే ఇరవై ఏళ్లుగా అందరికీ చెప్పాను, మీకూ చెప్పాను. ఆయన పలక తీయమన్న పొద్దున నాకు పని ఏమీ లేదు, అదీ అబద్ధమే. కాని అన్నిటికీ మొదలు చింతచెట్టు కింద ఉంది.

ఆ పలక ఇంకా నా దగ్గరే ఉంది. దాని మీదే కాగితం పెట్టుకొని రాస్తున్నాను. చిలకలు బాగానే ఉన్నాయి. ఇప్పుడు వంగి దాని మీద అరచెయ్యి ఆనించాను, వాసన చూడలేదు.

రొట్టెల మూటలో ఉప్పు ఉండింది. మోదుగాకులో చుట్టి మా అవ్వ పెట్టింది. నీళ్లు తాగొస్తానని లేచినప్పుడు అది నా పిడికిట్లో ఉంది.